ఫిర్యాదు: అమావాస్య పాటుకు మీ జెట్టీలో మా బోటు దెబ్బతిన్న విషయం

కాకినాడ,
3 జూన్ 2025

జెట్టీ మేనేజర్ గారికి,

నమస్కారం. వేట నిషేధం మొదలైన ఏప్రిల్ 15న మా మరబోటును ఉప్పుటేరులో మీ జెట్టీకి కట్టాం. 61 రోజులకు పద్నాలుగు వేలు ముందే తీసుకుని రసీదు ఇచ్చారు. కాపలా, కట్టుతాళ్లు కంపెనీ బాధ్యత అని ఆ రసీదు వెనక అచ్చువేసింది మీరే.

మే 27 రాత్రి పన్నెండు దాటాక పాటు, అంటే నీరు సముద్రంలోకి దిగడం, జోరు మీద ఉండగా, బయటి వరసలోని పెద్ద బోటు ముందు తాడు తెగింది. అది అడ్డంగా తిరిగి మా బోటు కుడి పక్కను గుద్దింది. పక్కకు దెబ్బ తగలకుండా మేం నాలుగు టైర్లు వేలాడదీసుకున్నాం. కానీ అవి మా బోటంత బోటుకు సరిపోయే ఎత్తులో ఉన్నాయి. పెద్ద బోటు అంచు వాటి పైనుంచి వచ్చింది. మూడు పలకలు పగిలాయి. ఒక పగులులో నా రెండు వేళ్లు దూరాయి. తెల్లారేసరికి ఇంజిన్ గదిలో మోకాలి లోతు నీళ్లు.

పరిహారం అడిగితే మీ ఆఫీసులో "ప్రకృతి వైపరీత్యం, మేమేం చేస్తాం" అన్నారు. ఆ రాత్రి తుఫాను లేదు, చెప్పుకోదగ్గ గాలి కూడా లేదు. ఉన్నది అమావాస్య. అది ఉగాదికి కొన్న పంచాంగంలోనే ఉంది కదండీ!

అమావాస్యకు, పౌర్ణమికి ఇక్కడ నీరు సుమారు ఒకటిన్నర మీటర్లు ఎక్కి దిగుతుంది. అంత నీరూ ఆరు గంటల్లో ఇరుకు ఏరులోంచి సముద్రంలోకి పోవాలి. నీటి వేగం రెట్టింపైతే బోటు మీద తోపు నాలుగు రెట్లవుతుంది. మామూలు రోజు ఆగిన తాడు ఆ రాత్రి ఆగకపోవడంలో వింతేముంది? పైగా ఒకదాని పక్కన ఒకటి నాలుగు బోట్లు కట్టించారు. బయటి మూడింటికీ ముందు తాడే తప్ప వెనక తాడు లేదు. పోటు పోయి పాటు మొదలవగానే అలాంటి బోటు తోక తిప్పుతుంది. చిన్నది ముందు తిరుగుతుంది, పెద్దది ఆలస్యంగా తిరుగుతుంది. మధ్యలో పక్కలు నలుగుతాయి. ఇది బోటు నడిపే మా సరంగును అడిగినా చెబుతాడు.

ఇంకో మాట. నీరు దిగుతుంటే తాడు వదలాలి, ఎక్కుతుంటే బిగించాలి. మునుపు మీ దగ్గర ఓ ముసలాయన రాత్రిళ్లు టార్చి పట్టుకుని ఒక్కో గుంజ దగ్గరా ఆగి ఈ పని చేసేవాడు. ఆయన్ను మార్చిలో మాన్పించారట. ఇప్పుడున్న కుర్రాడికి గేటు కాపలా తప్ప తాళ్ల సంగతి ఎవరూ నేర్పలేదు. అతన్ని నేను తప్పుపట్టను.

పలకలు, పూత, ఇంజిన్ బాగుచేతకు వడ్రంగి, మెకానిక్ ఇచ్చిన లెక్క 1,85,000 రూపాయలు. ఆ కాగితాలు, తెగిన తాడు ఫోటోలు జతచేశాను. తాడు ఎండకు పొడిబారి, చేత్తో నలిపితే పీచు రాలుతోంది. జూన్ 15న అందరి బోట్లూ వేటకు పోతాయి, మాది ఇప్పుడు ఒడ్డున దిమ్మెల మీద ఉంది. బోటులో పనిచేసే ఎనిమిది మంది కళాసీలు రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారు. ఆ టెన్షన్ మీకు తెలియనిది కాదు. ఈ నెల 9లోగా డబ్బు చెల్లించండి. లేదంటే మీ రసీదుతోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

మా తమ్ముడి బోటు ఇంకా మీ జెట్టీలోనే, రెండో వరసలో ఉంది. జూన్ 11న పౌర్ణమి. ఆలోగా బయటి రెండు వరసలూ తీయించి, ఉన్నవాటికి కొత్త తాళ్లతో ముందూ వెనకా కట్టించండి. ఆ రాత్రి పోటు తిరిగే వేళకు తాళ్ల పని తెలిసిన మనిషిని గుంజల దగ్గర ఉంచండి.

ఇట్లు,
మీ జెట్టీలో బోటు కట్టిన యజమాని