హోంమంత్రి గారికి: స్టేషన్‌కి వచ్చిన మనిషికి టైమేసిన చీటీ ఇప్పించండి

రాష్ట్ర హోంశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను తిరుపతి కోర్టు బయట టైపు కొట్టుకుని బతికేవాణ్ణి. మొదట్లో మిషన్ మీద, ఇప్పుడు కంప్యూటర్ మీద. ఈ పాతికేళ్లలో ఎన్ని బెయిల్ పిటిషన్లు కొట్టానో లెక్కలేదు. నేను లాయర్ని కాదు. కానీ నిందితుణ్ణి మేజిస్ట్రేటు ముందు పెట్టేటప్పుడు పోలీసులిచ్చే రిమాండ్ రిపోర్టు చేతికొస్తే ముందు ఏ లైను చూడాలో నాకు తెలుసు. అరెస్టు టైమ్.

ఆ లైను ఎన్ని కేసుల్లో చూసినా ఒకేలా ఉంటుంది. ‘ఈ దినం ఉదయం ఆరున్నర గంటలకు బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుతుండగా...’ ఊళ్లో దొంగలంతా తెల్లారగట్లే లేచి, పోలీసుల కంటబడేదాకా బస్టాండు చుట్టూ తిరుగుతుంటారు కాబోలు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆ లైను మా ఇంటికే వచ్చింది. మా బావమరిది కొడుకు ఒక లాడ్జిలో రూమ్ బాయ్. ఎవరో యాత్రికుడి ఫోను, కొంత డబ్బు పోయాయి. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు ఇంటికొచ్చి, ‘ఊరికే విచారణకమ్మా, పొద్దున్నే పంపించేస్తాం’ అని బండెక్కించుకుపోయారు. ఏ స్టేషనో ఇక్కడ రాయను. బుధవారమంతా పిల్లోడు బెంచీ మీదే ఉన్నాడు. మేం పోయి అడిగితే స్టేషన్‌లో రికార్డులు రాసే రైటరు, ‘అరెస్టు చేయలేదు కదన్నా, ఎందుకంత టెన్షన్’ అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. అరెస్టు చేయలేదు, ఇంటికీ పంపలేదు. ‘మనవడి సంగతి అడగాల’ని అరవై ఎనిమిదేళ్ల మా అత్తను కూడా పిలిపించి, పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. గురువారం మధ్యాహ్నం వాణ్ణి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చారు. రిమాండ్ రిపోర్టు తీసుకుని చదివాను. గురువారం ఉదయం ఆరున్నర. బస్టాండు వద్ద.

వాడు తప్పు చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది, కేసు నడుస్తోంది. నేనడిగేది ఆ మంగళవారం రాత్రి, బుధవారం పగలు ఎక్కడికి పోయాయని.

రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టయిన మనిషిని, ప్రయాణానికి పట్టే టైమ్ తీసేసి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అరెస్టు ఎట్లా చేయాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చినా ఈ 24 గంటలు మారలేదు. కానీ ఆ గంటలు ఎప్పుడు మొదలైనట్టు? రైటరు కలం కదిలినప్పుడు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు మెమో మీద తేదీ, టైమ్ వేయాలని, ఇంట్లోవాళ్లలో ఒకరో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలని చెప్పింది. మా వాడి మెమో మీద సాక్షి సంతకం ఉంది. ఆయనెవరో మా వీధిలో ఎవరికీ తెలియదు.

‘విచారణ’ అనే మాటకు టైమ్ లేదు, కాగితం లేదు, సాక్షి లేడు. హక్కులన్నీ అరెస్టుతో మొదలవుతాయి కాబట్టి, అరెస్టును ఎంత వెనక్కి జరిపితే హక్కులు అంత వెనక్కి పోతాయి. ఇంటరాగేషన్ జరిగేటప్పుడు లాయర్ని కలిసే హక్కు ఆ సంహితలోని 38వ సెక్షన్ ఇచ్చింది. అది కూడా అరెస్టయినవాడికే. బెంచీ మీద కూర్చున్నవాడు లాయర్ని అడిగితే ‘నీ మీద కేసే లేదు, లాయరెందుకురా’ అంటారు.

నా దగ్గరకొచ్చేవాళ్లకు ఇవేవీ తెలియవు. ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో అరెస్టు చేసి తీరాలని లేదు. అవసరం లేకపోతే అదే సంహితలోని 35(3) నోటీసు ఇచ్చి పిలవాలి. జనం ఇప్పటికీ దాన్ని పాత చట్టం నంబరుతో 41ఏ నోటీసే అంటారు. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షిగా పిలవాలన్నా రాతపూర్వకంగానే పిలవాలి. ఆడవాళ్లను, అరవై దాటినవాళ్లను అయితే స్టేషన్‌కి రప్పించకూడదు, వాళ్ల ఇంటి దగ్గరే అడగాలి. అది 179వ సెక్షన్. మా అత్త ఈ రెండు లెక్కల్లోనూ వస్తుంది. విచారణలో చెప్పిన మాటలు రాసుకుంటే వాటి కింద సంతకం పెట్టించుకోకూడదు. అయినా నా టేబుల్ దగ్గరికొచ్చేవాళ్లు ‘తెల్ల కాగితం మీద రెండు సంతకాలు పెట్టినాను సార్, ఏమన్నా అవుతుందా’ అని అడుగుతూనే ఉంటారు. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నా కోర్టులో అది సాక్ష్యంగా నిలవదని చెబితే నమ్మరు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని, దానికి న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చని చెబితే, ‘ముందే తెలిసుంటే పుస్తెలు తాకట్టు పెట్టేదాన్ని కాదు గదా’ అని ఒకామె నా ముందే ఏడ్చింది.

ఇక భాష సంగతి. అరెస్టుకు కారణాలు ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా, మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడ అర్థమయ్యే భాష అంటే తెలుగొక్కటే కాదు. నగరి, సత్యవేడు వైపు అరవం మాట్లాడే ఇళ్లు ఎన్నో. ఎర్రచందనం కేసుల్లో తమిళనాడులోని జవ్వాదు కొండల నుంచి వచ్చిన కూలీలకు తెలుగు అక్షరం ముక్క రాదు. వాళ్లకు తమిళంలో కాగితం ఇవ్వకపోతే ఇచ్చినట్టే కాదు.

అమ్మా, మా ఊరి సంగతి మీకు తెలియంది కాదు. శ్రీనివాసంలోనో, విష్ణునివాసంలోనో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సులోనో నిలబడితే యాత్రికుడి చేతికి దర్శనం టోకెన్ వస్తుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు రావాలో దాని మీద ఉంటుంది. రోజూ అన్ని వేలమందికి టైమేసిన కాగితం ఇవ్వగలిగిన ఊళ్లో, స్టేషన్‌కి వచ్చే పదిమందికి ఇవ్వలేమా? అడిగేది ఆ ఒక్క చీటీయే, సగం స్టేషన్‌లో, సగం వచ్చిన మనిషి చేతిలో. సాక్షిగా వచ్చినా, అనుమానితుడిగా వచ్చినా, ‘ఊరికే’ వచ్చినా ఇవ్వాలి.

పని భారమంటారని తెలుసు. బ్రహ్మోత్సవాలప్పుడు, వీఐపీ బందోబస్తులప్పుడు కానిస్టేబుళ్లకు నిద్ర కూడా ఉండదు. నా దగ్గర టీ తాగే హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఈ చీటీ మాట వినగానే, ‘మంచిదే అన్నా, కొట్టారని మా మీద అబద్ధం చెప్పేవాడికి కూడా అదే జవాబు’ అన్నాడు. నాకు తోచని పాయింటు అది.

కెమెరాలున్నాయి కదా అని ఎవరైనా అనొచ్చు. స్టేషన్ వాకిలి నుంచి లాకప్ దాకా సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు దాచాలని, ఎట్లా చూసినా ఏడాదికి తగ్గకూడదని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మా లాయరు ఆ బుధవారం ఫుటేజీ అడిగితే ‘కెమెరా రిపేరులో ఉంది’ అని జవాబొచ్చింది. చీటీ అయితే రిపేరుకు రాదు, సగం మా జేబులో ఉంటుంది కాబట్టి.

నమూనా ఒకటి నేనే టైపు చేసి ఈ లేఖతో పంపుతున్నాను. ఒకవైపు తెలుగు, వెనకవైపు తమిళం. పేరు. లోపలికి వచ్చిన టైమ్. పిలిచిన అధికారి. సాక్షిగానా, నిందితుడిగానా. బయటికి వెళ్లిన టైమ్. కింద 15100. ఏ4 కాగితంలో నాలుగో వంతు సరిపోయింది. ఫాంటు చిన్నదైందనిపిస్తే చెప్పండి, పెద్దది చేసి పంపుతాను.

ఇట్లు,
తిరుపతి కోర్టు బయట ఒక టైపిస్టు