ఆట తెలిసిన విలేకరిని యూనివర్సిటీకి పిలవండి

సంపాదకులకు నమస్కారం.

ఏళ్ల తరబడి ఆటల వార్తలు రాసి తలపండిన విలేకరులను నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం అధ్యాపకులుగా తీసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పీహెచ్‌డీ లేదనో, అధ్యాపక అర్హత పరీక్ష ‘నెట్’ రాయలేదనో వాళ్లను పక్కన పెట్టాల్సిన అవసరం ఇప్పుడు లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాల ప్రకారం, తన రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్నవారిని డిగ్రీల పట్టింపు లేకుండా గరిష్ఠంగా నాలుగేళ్ల పాటు నియమించుకోవచ్చు.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. స్కూల్ గేమ్స్ పోటీలు జరిగితే సాయంత్రానికల్లా ప్రెస్‌నోట్ రాసి విలేకరులకు పంపడం మా పనే. తెల్లారి జిల్లా పేజీ చూస్తే కడుపు తరుక్కుపోయేది. జ్యోతి వెలిగించిన అతిథి పేరు, వేదిక మీద కూర్చున్న అందరి పేర్లు, పెద్ద ఫొటో ఉంటాయి. ఖోఖోలో ఎవరికీ చిక్కకుండా పరుగెత్తి జట్టును గెలిపించిన ఆడపిల్ల పేరు మాత్రం ఉండదు. ఫలానా పాఠశాల జట్టు విజేతగా నిలిచిందని ఒక లైను, అంతే. దీనికి కంట్రిబ్యూటర్‌ను, అంటే జీతం లేని స్థానిక విలేకరిని, తప్పుపట్టను. పొద్దున మార్కెట్ యార్డు, మధ్యాహ్నం రోడ్డు ప్రమాదం, సాయంత్రం ఏదో మీటింగు రాసి అచ్చయిన లైన్లను లెక్కగట్టి ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బుల మీద బతుకుతున్న మనిషి ఆయన. ఆటను ఎలా చూడాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

అది నేర్పాల్సిన విద్యే. కబడ్డీలో కోర్టులో ముగ్గురో ఇద్దరో మిగిలిన జట్టు రైడర్‌ను పట్టేస్తే అది సూపర్ టాకిల్, ఒకటికి బదులు రెండు పాయింట్లు వస్తాయి. మ్యాచ్ అక్కడే తిరగబడవచ్చు. చివరి స్కోరు మాత్రమే అడిగి రాసుకునేవాళ్లకు ఆ మలుపు దొరకదు.

ఇంతకన్నా పెద్ద విషయాలూ ఉన్నాయి. అండర్-14 జట్టులో మీసాలొచ్చిన కుర్రాడు ఆడుతుంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్ గురించి అడగాలి. బాగా ఆడిన పిల్ల సెలక్షన్లలో ఎందుకు ఆగిపోయిందో ఆరా తీయాలి. మినీ స్టేడియానికి మంజూరైన డబ్బు ఎటు పోయిందో కాగితాలు తిరగెయ్యాలి. కోచ్ మీద ఒక బాలిక ఫిర్యాదు చేస్తే ఆమె ఎవరో బయటపడకుండా వార్త రాయడం తెలియాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అడిగేది కూడా అదే. 2023లో లైంగిక వేధింపులపై మహిళా రెజ్లర్లు ఢిల్లీ జంతర్‌మంతర్‌లో ధర్నాకు కూర్చున్నప్పుడు ఆటల పేజీ వార్త మొదటి పేజీకి వచ్చింది. అలాంటి రోజు పల్లెలోనూ రావచ్చు. ఆ రోజుకు సిద్ధంగా ఉన్న విలేకరులు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు?

అమెరికాలో ఈ మార్పు ఎప్పుడో వచ్చింది. న్యూయార్క్ టైమ్స్, యూఎస్ఏ టుడే పత్రికలకు ఆటల వార్తలు రాసిన మాల్కమ్ మోరన్, 2006లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రీడా పాత్రికేయ ఆచార్యుడయ్యారు. ఆ తర్వాత ఇండియానాపొలిస్‌కు వెళ్లి అక్కడా అదే బోధించారు. మనకూ చరిత్ర తక్కువేం లేదు. 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ. తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల పొట్టకొట్టి ఈ పని చేయొద్దు. వాళ్లు ఇప్పటికే చాలీచాలని జీతాలతో నెట్టుకొస్తున్నారు. ఈ నియామకాలు రెగ్యులర్ పోస్టులకు అడ్డు రాకూడదని, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదని యూజీసీయే చెప్పింది. అలాగే హైదరాబాద్‌లో పెద్ద హోదాలో రిటైరైన వారితోనే సరిపెట్టొద్దు. సూర్యాపేట, వనపర్తి, గద్వాల మైదానాల్లో ఎండకు నిలబడి నోట్‌బుక్ నింపినవాళ్లకూ అవకాశం ఇవ్వాలి.

ముందుగా డిగ్రీలో ఒక ఐచ్ఛిక పేపరు పెడితే చాలు. జర్నలిజం విద్యార్థులతో పాటు వ్యాయామ విద్య చదివేవాళ్లూ తీసుకోవచ్చు. ప్రాక్టికల్స్ కింద వాళ్లను మండల, జిల్లా స్థాయి స్కూల్ గేమ్స్‌కు పంపాలి. ఆ రోజే వార్త రాయించి, గురువు అక్కడికక్కడే దిద్దాలి. వచ్చే విద్యా సంవత్సరానికి రెండు విశ్వవిద్యాలయాల పాలకమండళ్లూ దీన్ని ఎజెండాలో పెట్టాలని, ఉపకులపతులు స్పందించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా