సౌత్ కైబాబ్ దారి మొదట్లో తెలుగు కరపత్రం ఉంచండి

గ్రాండ్ కెన్యన్ జాతీయ ఉద్యానవనం సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం. అమెరికాలో పిల్లల దగ్గరికొచ్చిన తెలుగు పెద్దవాళ్లకూ అర్థమయ్యేలా ఒక కరపత్రం వేయించమని మా మనవి.

కొండెక్కేవాళ్లు అలసిపోతే దిగొచ్చేస్తారు. సౌత్ కైబాబ్ కాలిదారి అంచు నుంచి లోయలోకి దిగుతుంది కాబట్టి, ఇక్కడ దిగడమే ముందు, అలసిపోయాక ఎక్కాలి. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు ఉంచుకోవాలి. దారిలో తాగునీరు దొరకదు, నీడ అంతంతే. కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. వేసవిలో లోయ అడుగున 43 డిగ్రీలు దాటుతుంది. అందుకే ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎక్కే పని పెట్టుకోకూడదు.

ఏమీ తినకుండా నీళ్లే అదేపనిగా తాగినా ప్రమాదమే: రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. సంచిలో చేగోడీలో, ఉప్పు వేసిన పల్లీలో ఉండాలి.

కొత్తవాళ్లు దారి మొదలు నుంచి 2.4 కిలోమీటర్ల దూరంలోని సీడార్ రిడ్జ్ అనే చోటు దగ్గరే వెనుదిరగాలని పెద్దక్షరాల్లో వేయించండి.

ఇట్లు,
ఈ దారి ఎరిగిన తెలుగువాళ్లు