నీ గాగుల్స్, నా దుమ్ము

చీమకుర్తి,
డిసెంబరు 20, రాత్రి

ఒరేయ్ మామా,

నువ్వు క్షేమమే అనుకుంటాను. నీకన్నా ముందు నీ రొయ్యలు క్షేమమా? మొన్న ఫోన్లో వెనక ఏరేటర్ల మోతకి నీ మాట సగమే వినపడింది. ఆ సగంలో ఒక ప్రశ్న ఉంది: "అసలు నువ్వు బెంగళూరులో చదివేదేందిరా?" చెప్పబోయేలోగా సిగ్నల్ పోయింది. మెసేజ్ పెడితే నువ్వు చదవకుండానే బొటనవేలు బొమ్మ కొట్టి వదిలేస్తావు. అందుకే కాగితం. ఇదైతే కనీసం మీ అమ్మన్నా పక్కన కూర్చుని చదివించుకుంటుంది.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. ఎవరడిగినా "మావాడు దుమ్ము మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు" అంటోంది. చీమకుర్తిలో ఆ మాట అంటే ఏమవుతుందో నీకు తెలుసుగా. ఎదురింటి పెద్దమ్మ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపి, "దానికి బెంగళూరు దాకా ఎందుకు నాయనా, మా అరుగు మీద కూర్చో, సాయంత్రానికి తట్టెడు వస్తది" అంది. అబద్ధమేమీ లేదు. రామతీర్థం క్వారీల వైపు నుంచి రాళ్ళ లారీ ఒకటి పోయిందంటే చాలు, తలలో సగం నెరిసినట్టవుతుంది.

సరే, నీ ఫోన్ దగ్గర మొదలుపెడతా. పోయిన వేసవిలో చెరువు గట్టు మీద ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ నల్లబడిందని, డిస్‌ప్లే పోయిందని టెన్షన్ పడి, అల్లూరు నుంచి నెల్లూరు దాకా ఎండలో బండేసుకుని పోయావు చూడు. షాపులో కుర్రాడు "బానే ఉందన్నా" అంటే వాడితో గొడవేసుకున్నావు. మళ్ళీ గట్టు మీదకొచ్చి గాగుల్స్ పెట్టుకోగానే మళ్ళీ నలుపే. ఆ నలుపే మామా నా చదువు. ఆ నలుపు తెచ్చే సంగతితోనే నక్షత్రాల చుట్టూ తిరిగే దుమ్మును కొలుస్తాను.

వెలుగు ఒక అల. తాడు ఒక కొస నువ్వు, ఒక కొస నేను పట్టుకుని పైకీ కిందకీ ఊపినా అల పోతుంది, పక్కలకి ఊపినా పోతుంది. సూర్యుడి వెలుగులో ఈ ఊపులన్నీ కలగాపులగంగా ఉంటాయి. అదే వెలుగు ఏటవాలుగా నీళ్ళ మీద పడి తిరిగొచ్చేసరికి ఎక్కువగా అడ్డ ఊపే మిగులుతుంది. నీ గాగుల్స్ ఆ అడ్డ ఊపును ఆపేసి నిలువు ఊపును మాత్రమే రానిస్తాయి. అందుకే పొద్దు వాలాక కూడా తళతళ తగ్గి నీళ్ళలో రొయ్యల మేత చూసే చెక్ ట్రే కనపడుతుంది నీకు. ఫోన్ స్క్రీన్ పంపేది కూడా ఒకే రకం ఊపు. దాన్ని అడ్డంగా తిప్పి గాగుల్స్‌లోంచి చూశావనుకో, ఫోన్ చచ్చినట్టే. ఇలా ఒకే దిక్కున ఊగే వెలుగునే పోలరైజ్డ్ అంటారు. ఇంటర్లో దీన్నే ధ్రువణం అని మార్కుల కోసం రాశాం. పరీక్ష హాలు దాటాక ఆ మాట ఎవరి నోటా వినలేదు.

నీళ్ళే కాదు, గాలీ దుమ్మూ కూడా ఈ పని చేస్తాయి. రేపు పొద్దు గుంకే వేళ గట్టు మీద నిలబడి, గాగుల్స్ తీసి ఒక అద్దంలోంచి సరిగ్గా నడినెత్తి మీది ఆకాశాన్ని చూడు. చూస్తూ మెల్లిగా గుండ్రంగా తిప్పు. ఒకచోట ఆకాశం ముదురు నీలానికి దిగుతుంది. ఇంకో పావు చుట్టు తిప్పితే మళ్ళీ తేలిపోతుంది. సూర్యుడి వెలుగు గాలి అణువులకి తగిలి, లంబకోణంలో మలుపు తిరిగి నీ కంట్లో పడుతోంది కాబట్టి అలా. మలుపు లంబకోణానికి ఎంత దగ్గరైతే ఊపు అంత ఒకే దారికొస్తుంది. నేను నిన్న సాయంత్రం మా డాబా మీద చేసి చూశాను. నాన్న కింద నుంచి "మెడ పట్టుద్దిరా" అని అరిచాడు.

ఇప్పుడు అదే డాబా మీద కూర్చునే రాస్తున్నా. రోహిణి నక్షత్రం ఎర్రగా పైకొచ్చింది. ఆ వైపే, కానీ రోహిణికన్నా ఎంతో దూరంలో, హెచ్‌ఎల్ టౌ అని ఒక పసి నక్షత్రం ఉంది. కంటికి కనపడదు. అక్కడి నుంచి వెలుగు రావడానికి సుమారు 450 ఏళ్ళు పడుతుంది. అంటే ఇప్పుడు మాకందే వెలుగు తళ్ళికోట యుద్ధం రోజులకి కాస్త అటూ ఇటూగా బయల్దేరింది. దాని వయసు 10 లక్షల ఏళ్ళ లోపే అంటారు. చుట్టూ వాయువూ దుమ్మూ కలిసి పెద్ద పళ్ళెంలా తిరుగుతుంటాయి. ఆ దుమ్ము ఒకదానికొకటి అంటుకుని పెరిగి పెరిగి గ్రహాలవుతాయి. మన భూమీ, మన ఒంగోలూ, నీ చెరువులూ అలా వచ్చినవే. 2014లో చిలీ దేశంలో, అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున ఉన్న అల్మా అనే 66 డిష్‌ల టెలిస్కోపు దీని ఫొటో తీస్తే, పళ్ళెం నిండా గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా వలయాలు కనపడ్డాయి. ఆ ఫొటో చూసే నేనీ దారిన పడ్డాను.

ఇలాంటి పళ్ళేల్ని మామూలుగా చూడాలంటే చిక్కేమిటంటే, మధ్యలో నక్షత్రం కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంటుంది. దాని పక్కన దుమ్ము, హెడ్‌లైట్ పక్కన దోమ. దానికొక ఉపాయం ఉంది. నక్షత్రం నుంచి నేరుగా వచ్చే వెలుగు దాదాపు కలగాపులగం ఊపే. దుమ్ముకి తగిలి చెదిరిన వెలుగు మాత్రం పోలరైజ్డ్. నిలువు ఊపుతో ఒక ఫొటో, అడ్డ ఊపుతో ఒక ఫొటో తీసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే రెంటిలోనూ సమానంగా ఉన్న నక్షత్రం కొట్టుకుపోతుంది, దుమ్ము మిగులుతుంది. చిలీలోనే పరానాల్ కొండ మీద 8.2 మీటర్ల టెలిస్కోపుకి తగిలించిన స్ఫియర్ అనే పరికరం చేసేది ఇదే. నాకైతే ఇంత తెలివైన తీసివేత ఇంకోటి తెలీదు.

కానీ దానికి దొరికేది పళ్ళెం పైన తేలే సన్న పొడి. గ్రహాలకి ముడిసరుకు అయిన ముతక దుమ్మంతా పప్పుచారులో పప్పులాగా నడిమికి దిగిపోయి ఉంటుంది. దాన్ని చూడటానికి మళ్ళీ అల్మానే కావాలి. ఆ దుమ్ము ఎంత చల్లగా ఉన్నా మిల్లీమీటరు అలల్లో తనకు తానే సన్నగా వెలుగుతుంది. ఒక నలుసు వెలుగు పక్క నలుసు మీద పడి, చెదిరి, మన వైపు వస్తుంది. పళ్ళెం మనకి ఏటవాలుగా ఉంటే ఆ ఊపు పళ్ళెం పొట్టి వైపుకి వాలుతుంది. ఇలా జరగాలని 2015లో కతావోకా అనే జపాన్ ఆయనా, తోటివాళ్ళూ లెక్క కట్టి చెప్పారు. హెచ్‌ఎల్ టౌలో 0.87 మిల్లీమీటర్ల అలపొడవు దగ్గర చూస్తే నిజంగానే అలాగే ఉంది. మొత్తం వెలుగులో ఆ ఊపు వాటా నూటికి ఒక వంతు లాగా, అంతే.

ఆ ఒక్క వంతులోనే నలుసు సైజు దాక్కుని ఉంది. నలుసు అలకన్నా మరీ చిన్నదైతే వెలుగును సరిగ్గా చెదరగొట్టలేదు. మరీ పెద్దదైతే చెదరగొడుతుంది గానీ ఊపులు మళ్ళీ కలగాపులగం అయిపోతాయి. మధ్యలో ఒక సైజు దగ్గరే పోలరైజేషన్ బాగా వస్తుంది. అలపొడవుని 6కన్నా కాస్త పెద్ద అంకెతో భాగించు, నలుసు నడిమి నుంచి అంచు దాకా కొలత అదీ. 0.87కి 0.14 మిల్లీమీటర్లు, అంటే నలుసు మొత్తం మన వెంట్రుకకి మూడు నాలుగు రెట్లు లావు.

మొన్న ఫ్యాక్టరీలో నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి పోయాను. గెలాక్సీ అనే మన నల్ల గ్రానైట్ స్లాబుకి పాలిష్ పడుతోంది. నాన్న దాని మీద నుంచి బూడిదరంగు బురద కాస్త తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, నా వైపు చూడకుండానే "ఇంకా గరుకుంది" అన్నాడు. నీళ్ళు కొట్టించి, ఇంకోసారి నలిపి, "ఆఁ" అన్నాడు. నేను 450 కాంతి సంవత్సరాల అవతలి పొడిని నలుపుతున్నాను, అంతే తేడా. ఇంకో ముచ్చట, మన గెలాక్సీ రాయిలో బంగారు చుక్కల్లా మెరిసే బ్రాంజైట్ ఉందే, అది పైరాక్సీన్ అనే ఖనిజాల ఇంటిది. ఆ పళ్ళేల్లో దుమ్ములోనూ ఆ ఇంటివాళ్ళున్నారు. నాన్నకి చెప్తే "అక్కడా లీజు ఎవరికో వచ్చే ఉంటది" అన్నాడు.

ఇక అసలు తగువు. నలుసుల సైజు చెప్పే పాత పద్ధతి వేరే ఒకటుంది. రకరకాల అలపొడవుల్లో దుమ్ము ఎంతెంత వెలుగుతోందో పోల్చి చూడటం. దాని ప్రకారం నలుసులు మిల్లీమీటరు, ఆ పైన. పోలరైజేషన్ ప్రకారం పదో వంతు. ఒకే సరుకు, రెండు కాటాలు, రెండు బరువులు! పళ్ళెం మరీ చిక్కగా ఉండి పాత పద్ధతిని మోసం చేస్తోందని కొందరంటారు. నలుసులు గట్టి గింజల్లా కాకుండా బొరుగుల్లా గుల్లగా ఉన్నాయేమో అని కొందరు. బొరుగుల్ని జల్లెడ పట్టినవాడు ఒక లెక్క చెప్తాడు, తూచినవాడు ఇంకో లెక్క చెప్తాడు కదా. నేను బొరుగుల పార్టీ. పైగా 3.1 మిల్లీమీటర్ల దగ్గర చూస్తే అదే పళ్ళెంలో ఊపు దిక్కు మారిపోయి, గానుగెద్దులా చుట్టూ తిరిగినట్టు కనపడుతుంది. నలుసులు కోలగా ఉండి, ఒక వరసలో సర్దుకుంటున్నాయని 2023 నాటికి గట్టిగానే అంటున్నారు. వాటిని వరసలో నిలబెట్టేది ఏమిటన్న దాని మీదే మా గైడుకీ నాకూ వాదన.

నీ ఫోన్ కథ చెప్పి నవ్వాను గానీ నాకా అర్హత లేదు. సెప్టెంబరులో నా లెక్కలో ఊపు దిక్కు అందరికన్నా అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీలు తేడాగా వచ్చింది. కొత్తది కనిపెట్టాననుకుని మూడు రాత్రులు నిద్రపోలేదు. పేపరుకి పేరు కూడా అనుకున్నా. నాలుగో రోజు తెలిసింది, ఆకాశంలో కోణం ఉత్తరం నుంచి తూర్పుకి కొలవాలి, నా ప్రోగ్రామేమో అడ్డగీత నుంచి కొలుస్తోంది. అంటే నేనూ గాగుల్స్ పెట్టుకుని ఫోన్ పోయిందని నెల్లూరు పోయిన బాపతే. ఎవరికీ చెప్పలేదు, నీకే.

సంక్రాంతికి కనుమ నాడు అల్లూరు వస్తున్నా. చేపల పులుసు ముందు రోజే వండి ఉంచమని అమ్మకి చెప్పు.

ఉంటాను,
నీ మామ

తా.క.: ఆ గాగుల్స్ పారేయకు. నేను ఇంకో జత తెస్తా. ఒక అద్దం మీద ఒకటి అడ్డంగా పెడితే చీకటి, మధ్యలో ఒక సెల్లోటేపు ముక్క దూరిస్తే రంగులు. మీ చెల్లి కూతురికి చూపిద్దాం. నీ ఫోన్ మాత్రం జేబులో పెట్టుకో.