డైట్ల గురించి రాసేటప్పుడు మాత్రల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే. మాది అనంతపురం. మా ఆయనకి షుగర్ ఉంది, ఎవరో ఫ్రెండ్ చెప్పినాడని ఈమధ్య కీటో డైట్ (అన్నం, సంగటి లాంటివి బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినేది) మొదలుపెట్టినారు, అప్పటినుంచి ఇంట్లో సంగటి కెలకాలంటేనే నాకు భయంగా ఉంటోంది. ఆయన మానుకుంటే సరే, కానీ మా అత్త తట్టలో సంగటి, ఊరిమిండి వేసుకుని తింటాంటే పక్కన నిలబడి "అది విషం మా" అంటారు, పాపం ఆమె ముద్ద చేతిలో పట్టుకుని అట్లే నా మొహం చూస్తుంది. పిల్లోడి బాక్సులో ఉగ్గాని తీసేసి పనీర్ పెడతారు.

బరువు తగ్గినారు, నేను కాదనను. నా బాధంతా మాత్రల గురించే. కీటోలో పిండిపదార్థాలు రోజుకి 50 గ్రాముల లోపే, అసలిది 1920ల్లో మూర్ఛ ఉన్నోళ్లకి డాక్టర్లు పెట్టిన డైట్. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ అన్నం ఒక్కసారిగా ఆపేస్తే షుగర్ డౌన్ అయి పడిపోవచ్చు, డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకైతే షుగర్ పెద్దగా పెరగకుండానే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ఎక్కువై ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ దగ్గరికి పోయి డోసు చూపించుకుందాం రండి అంటే "నీకు నామీద నమ్మకం లేదు" అని అలుగుతారు, ఇంక ఆ పూటకి మాటల్లేవు.

దయచేసి మీ పేపర్లో ఏ డైట్ గురించి వేసినా, షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి అని మొదట్లోనే పెద్దక్షరాల్లో వేయండి సార్. నా మాట వినకపోయినా పొద్దున్నే పేపర్ మాత్రం వదలకుండా చదువుతారు ఆయన.

ఇట్లు,
ఒక గృహిణి, అనంతపురం