ఆటల పెట్టె దసరాకి రాదు, ఎందుకంటే

అడ్వాన్సు కట్టిన 60 మందికీ నమస్కారం. దసరాకి ఇస్తానన్న పెట్టె దీపావళికి ముందు వారంలో గానీ మీ చేతికి రాదు. తప్పు నాదే.

ఒకే సామానుతో ఎన్నో ఆటలు ఆడుకోవాలన్నది నా పట్టుదల. పేక చూడండి, అవే 52 ముక్కలతో రమ్మీ ఆడతాం, బ్లఫ్ ఆడతాం. అమెరికాలో జేమ్స్ కైల్ ఇదే ఆలోచనతో పీస్‌ప్యాక్ చేశారు. 24 పలకలు, 24 బిళ్లలు, 4 పావులు, 4 పాచికలు. వాటితో ఎవరికి తోచిన ఆట వాళ్లు కట్టుకోవచ్చు. మన ఆటలకీ అలాంటిదొకటి ఉండాలని ఎప్పటినుంచో కోరిక.

లెక్క 18 బిళ్లల దగ్గర కుదిరింది. దాడి ఆటకి చెరో 9 కాయలు. పులి-మేకకి 3 పులులు, 15 మేకలు. రెండూ 18! అందుకని బిళ్లకి రెండు ముఖాలు పెట్టాం. పైన తొమ్మిది ఎరుపు, తొమ్మిది పసుపు. తిరగేస్తే ఉత్త చెక్క, మూడింటికి మాత్రం పులి గుర్తు. చిక్కంతా అష్టాచెమ్మాతో వచ్చింది. నలుగురికి నాలుగేసి కాయలు, నాలుగు రకాలు కావాలి. రెండు వారాలు ఏమీ తోచలేదు. ఏటికొప్పాకలో మా బిళ్లలు చేసే పెద్దాయన, తిరుగుతున్న అంకుడు చెక్కకి లక్క పట్టించి, ఉలి మొన ఒక్క క్షణం ఆనించారు. ఎర్ర లక్కలో గుండ్రంగా సన్నటి గీత పడింది. "ఇది సాలదేటి బాబూ?" అన్నారు. చాలింది. ఎరుపులో నాలుగింటికి, పసుపులో నాలుగింటికి ఆ గీత గీయించాం. దాడి ఆడేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

నేను చేసిన పొరపాటు ఆట గళ్లు అచ్చు వేసిన బట్ట మీద. అష్టాచెమ్మా గడి 5 సెంటీమీటర్లు, బిళ్ల 2.8. ఇంటూ గుర్తున్న గడిలో ఎవరి కాయనీ ఎవరూ చంపరు కదా, అక్కడ మూడు నాలుగు కాయలు చేరతాయి. పక్కపక్కన రెండు పెడితేనే 5.6! సీతమ్మధారలో మా ఇంట్లో నలుగురు పిల్లలు ఆడుతుంటే ఒక కాయ పక్క గడిలోకి జరిగింది. అది చచ్చిందా లేదా అని పెద్ద గొడవ. అచ్చుకి ఇచ్చే ముందు ఇద్దరితోనే ఆడి చూశాను, నలుగురితో చూడలేదు.

1080 బిళ్లలు పారేయడానికి మనసొప్పలేదు. బట్టనే 6.5 సెంటీమీటర్ల గళ్లతో మళ్లీ అచ్చు వేయిస్తున్నాను. ఆ ఖర్చు నాది, ధర పెరగదు. ఆగలేనివాళ్లు చెప్తే డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను.

వామనగుంటలు కూడా పెట్టమని చాలామంది అడిగారు. దానికి 14 గుంటల పలక వేరే కావాలి. ఒక్క ఆట కోసం ఇంకో వస్తువు చేరిస్తే ఈ పెట్టెకి అర్థం పోతుంది. ఈసారికి లేదు.

పాత బట్టలు దుకాణంలోనే ఉన్నాయి. ఇద్దరు ఆడుకోవడానికి బాగానే పనికొస్తాయి, కావలసినవాళ్లు ఊరికే తీసుకెళ్లండి. కొత్త కొలతతో కాగితం మీద గీసిన పటం ఆదివారం సాయంత్రం పరుస్తాను. ఈసారి నలుగురేసి ఆడి చూడాలి, రండి.