మా కాలువ వంతెన గురించి ఇంజనీరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంజనీరు గారికి నమస్కారం.

కోనసీమలో మా ఊరి పంట కాలువపై ఉన్న ఇనుప వంతెన గురించి గ్రామస్థులం ఇచ్చిన అర్జీలకు సమాధానం రాలేదు. అందుకే అందరి ఎదుట రాస్తున్నాను.

ఉప్పుగాలికి దూలాల అంచులు పొరలుగా రాలిపోతున్నాయి. బరువు వాహనాలు రాకూడదని బోర్డు పెట్టారు. మరమ్మతు మాత్రం జరగలేదు. వరికోత యంత్రం అవతలి గట్టుకు వెళ్లలేదు. మాసూళ్ల వేళ వాన పడితే పనలు చేలోనే మొలకెత్తుతున్నాయి. నిండు గర్భిణులను అంబులెన్సు దాకా మంచంపై మోసుకొస్తున్నాం. నన్ను అన్నిటికంటే బాధిస్తున్నది ఇదే.

బరువైన వంతెనకు ఈ మెత్తని నేలలో పునాదుల ఖర్చు ఎక్కువని మీ కార్యాలయంలో నోటిమాటగా చెప్పారు. ఆ చిక్కుకు విరుగుడు అధిక బలం గల ఉక్కులో ఉంది. ఉక్కుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2062లో సాధారణ E250 రకం ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 250 న్యూటన్ల బలం వరకు శాశ్వతంగా సాగదు; E450 రకం సుమారు 450 వరకు నిలుస్తుంది. పలకలు పలుచనవుతాయి, పునాదిపై భారం తగ్గుతుంది. అయితే బలం పెరిగినంత మాత్రాన వంతెన ఊగడం తగ్గదు, కనుక దూలాల ఎత్తు తగ్గించరాదు. పలుచని పలకను తుప్పు త్వరగా తినేస్తుంది కాబట్టి జింకు పూత తప్పనిసరి.

వేసవిలో కాలువలకు నీరు ఆపేలోగా నేల పరీక్ష, డిజైను, అంచనాలు పూర్తి చేయించండి. నీరు ఆపగానే పని మొదలుపెట్టించండి. అంతవరకు విడిభాగాలతో బిగించే తాత్కాలిక ఉక్కు వంతెన వేయించండి. పని మొదలయ్యే తేదీని రాతపూర్వకంగా పంచాయతీ బోర్డుపై ప్రకటించండి.

ఇట్లు,
కోనసీమ రైతు